నాన్నగారి షుగర్ బిళ్లలో పియోగ్లిటాజోన్ ఉంది, మూత్రాశయ క్యాన్సర్ మాట ఎంతవరకు నిజం?

గోదారి_గట్టు | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. నాన్నగారికి 67 ఏళ్లు, షుగర్ వచ్చి పదిహేనేళ్లు దాటింది. రాజమండ్రి దగ్గర మా ఊళ్లోనే ఉంటారు, నేను బెంగళూరులో. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్, పియోగ్లిటాజోన్ మూడూ కలిపిన బిళ్ల ఉదయం ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటారు. పియోగ్లిటాజోన్ ఒక్కోదాంట్లో 7.5 మి.గ్రా. ఆరేళ్లుగా ఇదే నడుస్తోంది. షుగర్ అదుపులోనే ఉంది, మూడు నెలల షుగర్ సగటు చూపే పరీక్ష (హెచ్‌బీఏ1సీ) 7 చుట్టూ తిరుగుతోంది.

నిన్న చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు: పియోగ్లిటాజోన్ వేసుకుంటే మూత్రాశయ క్యాన్సర్ ఖాయమట, ఫ్రాన్స్ నిషేధించిందట, మన దేశం కూడా 2013లో నిషేధించి కంపెనీల ఒత్తిడికి ఎత్తేసిందట. నాన్నగారు అది చదివి రేపట్నుంచి బిళ్లలే మానేస్తానంటున్నారు. ఇందులో నిజమెంత? అసలు పరిశోధనలు చదివినవాళ్లు ఉంటే చెప్పండి. వాట్సాప్‌కి జవాబుగా ఇంకో వాట్సాప్ మెసేజ్ మాత్రం వద్దు.

మందుల_షాపు | సోమవారం, రాత్రి 10:05

వరంగల్‌లో మెడికల్ షాపు నాది. 2013 సంగతి బాగా గుర్తుందన్నా. జూన్ 18న కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. నొప్పి, జ్వరాల మందు అనాల్జిన్ కూడా ఆ దెబ్బకే ఆగింది. పియోగ్లిటాజోన్ ఉన్న స్ట్రిప్పులన్నీ అరల్లోంచి తీసి పక్కన పెట్టాం. డిస్ట్రిబ్యూటర్‌కి ఫోన్ చేస్తే ఆయనకీ ఏమీ తెలీదు. షుగర్ గోళీల కోసం వచ్చినవాళ్లకి "డాక్టర్ దగ్గరికెళ్లి చీటీ మార్పించుకురండి" అని చెప్పడమే పని. నెలన్నర తిరక్కుండానే జూలై 31న సస్పెన్షన్ ఎత్తేశారు. ఎత్తేస్తూ షరతులు పెట్టారు: మొదటి మందుగా ఇవ్వొద్దు, మూత్రాశయ క్యాన్సర్ గురించి మందుతో వచ్చే కాగితం మీద గడి కట్టి హెచ్చరిక వేయాలి.

అంటే ఆపారన్నది నిజం, మళ్లీ వదిలారన్నదీ నిజం. ఎందుకు వదిలారన్న దగ్గరే తగాదా. ఒకటి మాత్రం చెప్తా, మా దగ్గర ఈ గోళీ ఇప్పటికీ బాగా పోతుంది. ధర తక్కువ, షుగర్ దిగుతుంది, డాక్టర్లు రాస్తారు.

సందేహాల_రావు | సోమవారం, రాత్రి 10:31

ఎందుకు వదిలారో తెలియకపోవడానికేముంది? మందు మంచిదైతే ఆపేవాళ్లే కాదు, చెడ్డదైతే వదలకూడదు. 43 రోజుల్లో కొత్తగా ఏ పరిశోధన జరిగిపోయిందట? మందు కనిపెట్టిన టకేడా కంపెనీ అమెరికాలో 2015లో బాధితుల కేసులు పరిష్కరించుకోవడానికి సుమారు 240 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. ఏ తప్పూ లేకపోతే అంత డబ్బు ఊరికే ఎవడిస్తాడు? మీ నాన్నగారు మానేస్తానంటే మానేయనివ్వండి.

లెక్కల_మాస్టారు | సోమవారం, రాత్రి 11:20

హైదరాబాద్‌లో క్లినికల్ ట్రయల్స్ డేటా మీద పని చేస్తాను. డాక్టర్‌ని కాను. ఈ మందు కథ మొదట్నుంచీ చెప్తాను, కొంచెం ఓపిక పట్టండి.

అమెరికాలో 1999లో అనుమతి వచ్చేముందే ఒక చిక్కు కనబడింది. మగ ఎలుకలకి ఇస్తే మూత్రాశయంలో కణుతులు వచ్చాయి. ఎలుకలకి వచ్చింది మనుషులకి రావాలని లేదు. కానీ వదిలేసే సంగతీ కాదు కాబట్టి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పదేళ్ల పరిశీలన చేయమని కంపెనీని అడిగింది. అది ఉత్తర కాలిఫోర్నియాలో కైజర్ పర్మనెంటే అనే ఆరోగ్య వ్యవస్థ సభ్యుల మీద జరిగింది.

ఈలోగా 2005లో ప్రోయాక్టివ్ అనే ట్రయల్ ఫలితాలొచ్చాయి. షుగర్‌తో పాటు గుండె, రక్తనాళాల జబ్బు ఉన్న 5,238 మందిలో చీటీలు వేసినట్టు సగం మందికి పియోగ్లిటాజోన్, సగం మందికి మందు లేని ఉత్తుత్తి బిళ్ల ఇచ్చి మూడేళ్లకి కాస్త తక్కువగా చూశారు. మూత్రాశయ కణుతులు మందు వైపు 14, ఉత్తుత్తి బిళ్ల వైపు 6. అసలు అలజడి ఇక్కడ మొదలైంది.

2011లో ఫ్రాన్స్ తన ఆరోగ్య బీమా రికార్డుల్లో దాదాపు 15 లక్షల మంది షుగర్ రోగులను చూసింది. మందు వాడినవాళ్లలో మూత్రాశయ క్యాన్సర్ 1.22 రెట్లు అని తేలింది. జూన్‌లో మందు ఆపేసింది. జర్మనీ కొత్తవాళ్లకి మొదలుపెట్టొద్దంది. యూరప్ మందుల సంస్థ మాత్రం హెచ్చరికలు పెట్టి కొనసాగించింది.

2015లో కాలిఫోర్నియా పదేళ్ల లెక్క జామా అనే అమెరికా వైద్య పత్రికలో వచ్చింది. 1,93,099 మంది, అందరూ నలభై దాటినవాళ్లే. మందు వాడినవాళ్లలో ముప్పు 1.06 రెట్లు. దాని చుట్టూ అనిశ్చితి 0.89 నుంచి 1.26 వరకు, అంటే తేడా ఉందని చెప్పడానికి లేదు.

కాబట్టి "ఖాయం" అన్న మాట ఏ పరిశోధనా అనలేదు. "అస్సలు లేదు" అని కూడా అందరూ అనలేదు.

సందేహాల_రావు | మంగళవారం, ఉదయం 6:50

14 ఎక్కడ, 6 ఎక్కడ? రెట్టింపు కంటే ఎక్కువ. అది చీటీలు వేసి చేసిన ట్రయల్ అని మీరే అన్నారు, అంటే గట్టి సాక్ష్యం. ఇక కాలిఫోర్నియా లెక్కకి డబ్బు పెట్టిందెవరో చెప్పలేదేం? కంపెనీయే కదా?

లెక్కల_మాస్టారు | మంగళవారం, ఉదయం 8:15

రావు గారూ, అవును, డబ్బు కంపెనీదే. ఎఫ్‌డీఏ చేయమంది, ఖర్చు భరించింది వాళ్లు. ఆ విషయం పత్రంలోనే రాసి ఉంది. అనుమానించడం తప్పేం కాదు.

14, 6 సంగతి. ఆ 20 కణుతుల్లో 11 ట్రయల్ మొదలైన ఏడాదిలోపే బయటపడ్డాయి. ఒక రసాయనం వల్ల మూత్రాశయంలో క్యాన్సర్ పుట్టి, పెరిగి, కనబడేంత కావడానికి ఏడాది చాలదు. అవి ముందునుంచే ఉండి ఉంటాయి. వాటిని తీసేస్తే మిగిలేది 6, 3. ఇప్పటికీ రెట్టింపే, ఒప్పుకుంటా. కానీ 6, 3 అంత చిన్న అంకెలు, మరో ఇద్దరు అటో ఇటో ఉంటే కథ మారిపోతుంది. గుండె కోసం వేసిన ట్రయల్‌లో క్యాన్సర్‌కి జవాబు దొరకడం ఇందుకే కష్టం. అందుకే లక్షల మంది రికార్డులు తిరగేయాల్సి వస్తుంది. రికార్డులు తిరగేస్తే ఇంకో రకం చిక్కులు.

లీడ్స్_నర్సమ్మ | మంగళవారం, మధ్యాహ్నం 1:10

మాది గుంటూరు, ఇక్కడ ఇంగ్లండ్‌లో డయాబెటిస్ నర్సుగా చేస్తున్నాను. ఒక విచిత్రం చెప్పనా? 2016లో ఒకే పత్రికలో, బీఎంజేలో, ఒకే ప్రశ్న మీద రెండు పత్రాలు వచ్చాయి. ఒకటి బ్రిటన్ జీపీల (మామూలు జబ్బులకి మొదట చూసే డాక్టర్ల) రికార్డుల్లో 1,45,806 మందిని చూసి ముప్పు 1.63 రెట్లు అంది. రెండోది ఫిన్లాండ్, నెదర్లాండ్స్, స్వీడన్, బ్రిటన్ నాలుగు దేశాల రికార్డులు కలిపి చూసి 0.99 అంది, అంటే తేడా సున్నా. మా డిపార్ట్‌మెంట్‌లో ఒక కన్సల్టెంట్ మొదటిది పట్టుకుని వాదిస్తారు, ఇంకొకరు రెండోది. రోగికి ఏం చెప్పాలో మాకు తెలియక టెన్షన్.

సందేహాల_రావు | మంగళవారం, మధ్యాహ్నం 1:32

చూశారా! 1.63!! అంటే 63 శాతం ఎక్కువ.

డా_పల్లెవైద్యం | మంగళవారం, రాత్రి 9:05

నల్లగొండ జిల్లాలో జనరల్ మెడిసిన్ ప్రాక్టీసు. అరవై మూడు శాతం అన్న మాట విని రోగులు మందు మానేసి, 400 షుగర్‌తో నా దగ్గరికి వస్తారు. అందుకే ఆ 1.63నే విప్పి చూద్దాం. అదే పత్రంలో అసలు అంకెలున్నాయి. మందు వాడినవాళ్లు లక్షమందిని ఏడాదిపాటు చూస్తే మూత్రాశయ క్యాన్సర్ 121 మందికి, ఇతర షుగర్ మందులవాళ్లలో 89 మందికి. తేడా 32. లక్షకి, ఏడాదికి. ఇది చెడు చూపించిన పరిశోధన అంకె, మంచి చూపించినదాని అంకె కాదు. రావు గారికి అది ఎక్కువనిపిస్తే అనిపించొచ్చు, కానీ అంకె ఇది.

నా అనుభవంలో ఈ మందుతో భయపడాల్సింది వేరేవాటికి. ఒంట్లో నీరు నిలబెడుతుంది. కాళ్ల వాపులు, బరువు పెరగడం, ముందే గుండె బలహీనంగా ఉన్నవాళ్లకి హార్ట్ ఫెయిల్యూర్. మాస్టారు చెప్పిన ప్రోయాక్టివ్‌లోనే హార్ట్ ఫెయిల్యూర్‌తో ఆసుపత్రిలో చేరినవాళ్లు మందు వైపు 6 శాతం, అటువైపు 4 శాతం. ఆడవాళ్లలో ఎముకలు విరగడం కూడా ఎక్కువ. వాట్సాప్‌లో ఇవేవీ రావు, ఎందుకంటే క్యాన్సర్ అన్నంత భయం వీటికి లేదు.

లాభమూ ఉంది. ఐరిస్ అని 2016లో వచ్చిన ట్రయల్: పక్షవాతం వచ్చిపోయి, షుగర్ లేకుండా ఇన్సులిన్ సరిగా పనిచేయని 3,876 మంది. మళ్లీ పక్షవాతమో గుండెపోటో వచ్చింది మందు వైపు 9 శాతానికి, ఉత్తుత్తి బిళ్ల వైపు 11.8 శాతానికి. ఫ్యాటీ లివర్ ముదిరినవాళ్లకి కూడా ఇది పనికొస్తుంది. అందుకే డాక్టర్లు పూర్తిగా వదల్లేదు. కంపెనీ డబ్బులిచ్చిందని కాదు.

ఇంకోటి, షుగర్ జబ్బే కొన్ని క్యాన్సర్ల ముప్పు పెంచుతుంది. కాలేయం, పాంక్రియాస్, గర్భసంచి లోపొర క్యాన్సర్లు షుగర్ ఉన్నవాళ్లలో సుమారు రెండు రెట్లు. పెద్దపేగు, రొమ్ము, మూత్రాశయం కూడా కొంచెం ఎక్కువే. మందు వేసుకునేవాడికి క్యాన్సర్ వస్తే నింద మందు మీద పడుతుంది, జబ్బు పక్కన నిలబడి చూస్తుంది.

మందుల_షాపు | మంగళవారం, రాత్రి 9:30

డాక్టర్ గారూ, ఇంకో మాట. ఆ ట్రయల్స్‌లో 45 మి.గ్రా. దాకా ఇచ్చారు. మన దగ్గర 7.5, 15 తప్ప 30 కూడా అరుదు. మనవాళ్లకి ఆ లెక్క అసలు వర్తించదు కదా?

లెక్కల_మాస్టారు | మంగళవారం, రాత్రి 10:12

ఈ మాట డాక్టర్లూ అంటారు, మీటింగుల్లోనూ విన్నాను. నాకు పూర్తిగా రుచించదు. ఫ్రాన్స్ లెక్కలో ముప్పు బాగా పెరిగింది మొత్తం కలిపి 28,000 మి.గ్రా. దాటినవాళ్లలో, వాళ్లలో 1.75 రెట్లు. రోజుకి 45 వేసుకునేవాడు ఆ గీతని రెండేళ్లలోపే దాటుతాడు. రోజుకి 15 అయితే ఐదేళ్లు దాటాక. 7.5 అయితే పదేళ్లకి. మనవాళ్లు ఒకసారి రాసిన బిళ్లని పదిహేనేళ్లు మార్చకుండా వేసుకుంటారు. తక్కువ మోతాదు అని నిశ్చింతగా ఉండటానికి లేదు, ఎన్నేళ్లుగా అన్నది కూడా చూడాలి. గోదారి_గట్టు గారి నాన్నగారు ఆరేళ్లలో 32 వేలు దాటారు.

అలాగని ఆ 28,000 గీత దేవుడు గీసింది కాదు. ఆ బీమా రికార్డుల్లో ఎవరు పొగతాగుతారో లేదు. మూత్రాశయ క్యాన్సర్‌కి అన్నిటికంటే పెద్ద కారణం పొగ. అది లేని లెక్క ఒంటికాలి మీద నిలబడ్డ లెక్క. బ్రిటన్, కాలిఫోర్నియా వాళ్ల దగ్గర పొగ సమాచారం కొంత ఉంది.

సందేహాల_రావు | మంగళవారం, రాత్రి 10:40

మీరు కాలిఫోర్నియా పత్రం గురించి సగమే చెప్పారు మాస్టారూ. నేను వెతికి చూశాను. అందులోనే పాంక్రియాస్ క్యాన్సర్ 1.41 రెట్లు, ప్రొస్టేట్ 1.13 రెట్లు అని ఉంది. దీనికేమంటారు?

లెక్కల_మాస్టారు | మంగళవారం, రాత్రి 11:02

మంచి పట్టు పట్టారు, ఆ పత్రంలో అందరూ దాటేసే వాక్యం అది. పాంక్రియాస్‌లో క్యాన్సర్ మొదలైతే అది బయటపడకముందే షుగర్ ఎగబాకుతుంది. అప్పటిదాకా ఒక బిళ్లతో ఉన్నవాడికి డాక్టర్ రెండోది, మూడోది కలుపుతాడు. ఆ రోజుల్లో అలా కలిపే బిళ్లల్లో పియోగ్లిటాజోన్ ఒకటి. ఆరు నెలలకో ఏడాదికో క్యాన్సర్ బయటపడుతుంది. రికార్డులో ముందు మందు, తర్వాత క్యాన్సర్ కనిపిస్తాయి. ఒంట్లో జరిగింది దానికి తిరగబడి ఉండొచ్చు. అలాగే జరిగిందని నిరూపించలేను, పత్రం రాసినవాళ్లు కూడా కారణమేదో తేల్చలేదు. కానీ షుగర్ మందుల మీద పాంక్రియాస్ క్యాన్సర్ వార్త ఎప్పుడొచ్చినా ముందు ఈ ప్రశ్న వేసుకుంటాను.

మూత్రాశయానికీ ఇలాంటి మెలికే. షుగర్ ముదిరినవాళ్లకి మూత్రంలో ప్రోటీన్ పరీక్షలు ఎక్కువ చేస్తారు. పరీక్ష ఎక్కువ చేస్తే దాగున్న రక్తం, దాని వెనక కణితి కూడా ఎక్కువ బయటపడతాయి.

అమ్మ_కోసం | బుధవారం, ఉదయం 7:25

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా అమ్మకి రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయింది, ఇప్పుడు కీమో నడుస్తోంది. షుగర్ లేదు. మెట్‌ఫార్మిన్ వేసుకుంటే క్యాన్సర్ తిరిగి రాదని ఒక వీడియోలో చెప్పారు. రూపాయో రెండో పెడితే వచ్చే బిళ్ల, నష్టమేముంది అంటున్నారు మా మామయ్య. మా ఆంకాలజీ డాక్టర్ని అడిగితే వద్దన్నారు, కారణం చెప్పే తీరిక లేదు ఆయనకి.

లెక్కల_మాస్టారు | బుధవారం, ఉదయం 8:40

అమ్మా, ఇది బాగా తేలిన విషయం కాబట్టి సూటిగా చెప్పగలను. 2005లో స్కాట్లండ్‌లోని డండీ నుంచి ఒక చిన్న పత్రం వచ్చింది. షుగర్ ఉన్నవాళ్లలో మెట్‌ఫార్మిన్ వాడినవాళ్లకి క్యాన్సర్ సుమారు ఐదో వంతు తక్కువ అని. ఆ తర్వాత వరద. సగం అన్నవాళ్లూ ఉన్నారు, అన్ని క్యాన్సర్లకీ అన్నవాళ్లూ ఉన్నారు.

వాటిలో చాలావాటికి ఒకే జబ్బు. ఒక ఆఫీసులో 25 ఏళ్ల సర్వీసు పూర్తయినవాళ్లకి వెండి కంచం ఇస్తారనుకోండి. కంచం అందుకున్నవాళ్లు అందుకోనివాళ్ల కంటే సగటున ఎక్కువ కాలం బతికారని లెక్క తేలుతుంది. అది కంచం మహిమ కాదు, 25 ఏళ్లు బతికుంటేనే కంచం చేతికొస్తుంది. మెట్‌ఫార్మిన్ మొదలుపెట్టిన రోజు దాకా క్యాన్సర్ రాకుండా ఉన్న కాలాన్ని కూడా మందు ఖాతాలో వేశారు. మాంట్రియల్‌కి చెందిన సుయిసా, అజులే అనే ఇద్దరు 2012లో ఈ పత్రాలన్నీ వరసపెట్టి చీల్చి చూపించారు.

చివరికి ట్రయల్ చేశారు. కెనడావాళ్లు ముందుండి నడిపిన ఎంఏ.32. షుగర్ లేని, రొమ్ము క్యాన్సర్ తొలిదశలో చికిత్స పొందిన 3,649 మంది. అచ్చం మీ అమ్మగారి లాంటివాళ్లు. రోజుకి రెండుసార్లు 850 మి.గ్రా., ఐదేళ్లు. 2022లో ఫలితం: క్యాన్సర్ తిరిగి రావడంలోనూ, బతకడంలోనూ తేడా లేదు. హెర్2 అనే ప్రోటీన్ ఎక్కువగా ఉండే రొమ్ము క్యాన్సర్ రకంలో ఏదో మేలు ఉండొచ్చన్న చిన్న సూచన ఉంది, కానీ అది ముందుగా వేసుకున్న ప్రశ్నకి జవాబు కాదు. దాన్ని పట్టుకుని మందు మొదలుపెట్టకూడదు.

డా_పల్లెవైద్యం | బుధవారం, మధ్యాహ్నం 2:20

మీ డాక్టర్ చెప్పింది సరైనదే. నష్టమేముంది అన్న మామయ్య గారికి చెప్పండి: మెట్‌ఫార్మిన్ మొదలుపెట్టిన కొత్తలో విరేచనాలు, వికారం మామూలు. కీమోలో ఉన్న మనిషికి అవి ముందే ఉంటాయి. ఏది దేనివల్లో తెలియక కీమో వాయిదా పడితే అదే పెద్ద నష్టం. షుగర్ ఉండి ఇప్పటికే మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్న క్యాన్సర్ రోగులు మాత్రం ఇది చదివి మానకండి, వాళ్లకి అది షుగర్ కోసం.

లీడ్స్_నర్సమ్మ | బుధవారం, సాయంత్రం 4:45

ట్రయల్ చేస్తే గొడవ తేలిపోయినది ఇంకోటుంది. 2009లో గ్లార్జిన్ ఇన్సులిన్‌తో క్యాన్సర్ అని యూరప్ అంతా గగ్గోలు. 2012లో ఆరిజిన్ ట్రయల్ వచ్చింది, 12,537 మంది, ఆరేళ్ల పైమాటే. క్యాన్సర్ రెండు వైపులా సమానం. ఇప్పుడు ఆ భయం ఎవరికీ గుర్తు కూడా లేదు.

కోనసీమ_కుర్రాడు | బుధవారం, సాయంత్రం 5:30

మరి ర్యానిటిడిన్? మా తాతగారు గ్యాస్ కోసం ఏళ్ల తరబడి వేసుకున్నారు.

మందుల_షాపు | బుధవారం, సాయంత్రం 6:02

దాని సంగతి వేరు తమ్ముడూ. మందు పనితీరు గురించి కాదు, బిళ్లలో క్యాన్సర్ తేగలదన్న అనుమానమున్న ఎన్‌డీఎంఏ అనే చెత్త పదార్థం తయారవుతోందని 2019లో బయటపడింది. 2020 ఏప్రిల్‌లో అమెరికా మొత్తం వెనక్కి తీసుకోమంది. మన ప్రభుత్వం 2022 సెప్టెంబర్‌లో అత్యవసర మందుల జాబితా నుంచి తీసేసింది. తాతగారు ఇప్పటికీ వేసుకుంటుంటే డాక్టర్‌ని అడిగి వేరేది మార్పించండి. ఎప్పుడో వేసుకుని ఆపేసిందానికి టెన్షన్ పడి టెస్టులు చేయించుకోనక్కర్లేదు.

సందేహాల_రావు | బుధవారం, రాత్రి 8:15

మీ అందరికీ ట్రయల్స్ అంటే గుడిలో ప్రసాదంలా ఉంది. మన ఖమ్మం సంగతి మరిచారా? 2009లో భద్రాచలం చుట్టుపక్కల గిరిజన హాస్టల్ పిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశారు. తల్లిదండ్రుల సంతకాలు లేవు, వార్డెన్ల సంతకాలు! 2010 ఏప్రిల్‌లో ఆపించారు, 2013లో పార్లమెంటు కమిటీ చీవాట్లు పెట్టింది. పరిశోధన అంటే ఎవరి మీద చేస్తారో మాకు తెలుసు.

డా_పల్లెవైద్యం | బుధవారం, రాత్రి 8:50

రావు గారూ, సంతకాల విషయంలో మీతో వంద శాతం ఏకీభవిస్తాను. అది సిగ్గుపడాల్సిన వ్యవహారం. టీకా తర్వాత కొందరు పిల్లలు చనిపోయారు, విచారణలో ఆ మరణాలకి టీకా కారణం కాదని చెప్పారు, కానీ అడక్కుండా సూది వేసిన తప్పు దానితో పోదు. దాని దెబ్బ ఇప్పటికీ తగులుతోంది. అంత పనికొచ్చే టీకాని మా ప్రాంతంలో ఆడపిల్లలకి వేయించమంటే తల్లులు "ఖమ్మంలో ఏమైందో తెలుసా" అంటారు.

నిర్వాహకులు | బుధవారం, రాత్రి 9:00

ఖమ్మం టీకా చర్చ కావాలంటే విడిగా మొదలుపెట్టండి, అది దాని చోటే ఉండాల్సినంత పెద్దది. ఇక్కడ పియోగ్లిటాజోన్ మీదే మాట్లాడుకుందాం.

గోదారి_గట్టు | గురువారం, రాత్రి 10:10

అందరివీ రెండుసార్లు చదివాను. నాన్నగారికి లక్షకి 32 అన్న లెక్క ఫోన్లో చెప్పాను, కాస్త శాంతించారు. బిళ్లలు కొనసాగిస్తానన్నారు. మాటల్లో అమ్మ ఒకటి చెప్పింది. సంక్రాంతి తర్వాత ఆయనకి రెండు రోజులు మూత్రం ఎర్రగా వచ్చిందట. నొప్పి, మంట ఏమీ లేవట. వేడి చేసిందని బార్లీ నీళ్లు, సబ్జా తాగించారట, తగ్గిపోయిందట. ఆయన చుట్ట మానేసి పదేళ్లయింది, అంతకుముందు ముప్పై ఏళ్లు కాల్చారు. ఇది ఈ మందు వల్లే అంటారా?

డా_పల్లెవైద్యం | గురువారం, రాత్రి 10:24

మందు వల్లా కాదా అన్నది ఇక పక్కన పెట్టండి. ఈ పోస్టు కింద ఎవరూ పరిశోధనల మీద వాదించొద్దని మనవి.

చుట్ట కాల్చిన 67 ఏళ్ల మనిషికి నొప్పి లేకుండా మూత్రంలో రక్తం కనిపిస్తే, ఒక్కసారే వచ్చి తగ్గిపోయినా సరే, యూరాలజీ డాక్టర్‌కి చూపించాల్సిందే. మూత్రాశయ కణితి రక్తం అలాగే వస్తుంది, అలాగే ఆగుతుంది, మళ్లీ నెలల తర్వాత వస్తుంది. తగ్గింది బార్లీ నీళ్లకని మనం అనుకుంటాం. రాయి కావచ్చు, ప్రొస్టేట్ కావచ్చు, ఇన్‌ఫెక్షన్ కావచ్చు. అరవై దాటినవాళ్లలో ఎక్కువసార్లు క్యాన్సర్ కాకుండానే తేలుతుంది. కానీ చూసే తేల్చాలి.

మూత్ర పరీక్ష, కిడ్నీ పనితీరు, కడుపు స్కానింగ్, తర్వాత సిస్టోస్కోపీ, అంటే సన్నటి కెమెరా గొట్టంతో మూత్రాశయం లోపల చూడటం. స్కానింగ్‌లో ఏమీ లేదంటే సరిపోతుందనుకోకండి, చిన్న కణితులు, చదునుగా ఉండేవి స్కానింగ్‌కి దొరకవు.

ఇక బిళ్ల. కారణం తేలని రక్తం మూత్రంలో కనబడ్డవాళ్లకి పియోగ్లిటాజోన్ ఇవ్వొద్దని యూరప్ వాళ్లు 2011లోనే పెట్టిన నియమం. ఇందులో 1.06కీ 1.63కీ మధ్య తగువుతో పని లేదు. రేపు ఉదయమే మీ షుగర్ డాక్టర్‌కి ఫోన్ చేసి ఈ రక్తం సంగతి చెప్పండి, పియోగ్లిటాజోన్ లేని బిళ్ల రాయించుకోండి. మూడు కలిసిన బిళ్లని మీ అంతట మీరు ఆపితే గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కూడా ఆగిపోతాయి, షుగర్ ఎగిరిపోతుంది. మార్చే చీటీ చేతికొచ్చాకే ఇది ఆపండి.

మందుల_షాపు | గురువారం, రాత్రి 10:41

అన్నా, గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ రెండే కలిసిన గోళీ ఏ షాపులోనైనా దొరుకుతుంది. పేర్లు దాదాపు ఒకేలా ఉంటాయి, చివర ఒక అక్షరమో అంకో తేడా. ఫోన్లో పేరు చెప్పి తెప్పించుకుంటే పాతదే ఇచ్చేస్తారు. స్ట్రిప్పు వెనక మూడు మందుల పేర్లున్నాయో రెండేనో అమ్మగారిని కళ్లజోడు పెట్టుకుని చదవమనండి, లేదంటే ఫొటో తీసి మీకు పంపమనండి.

సందేహాల_రావు | గురువారం, రాత్రి 10:55

గోదారి గారూ, రాజమండ్రిలో యూరాలజీ వాళ్లున్నారు, కాకినాడ పెద్దాసుపత్రిలోనూ చూపించొచ్చు. వెళ్లేటప్పుడు ఆరేళ్ల చీటీల్లో ఉన్నన్ని పట్టుకెళ్లండి. బిళ్ల ఎప్పుడు మొదలైంది, చుట్ట ఎన్నేళ్లు, రక్తం ఏ రోజుల్లో వచ్చింది, ఈ మూడూ ఒక కాగితం మీద రాసివ్వండి. పెద్దవాళ్లు డాక్టర్ ముందు కూర్చుంటే "ఏం లేదండీ, బాగానే ఉంది" అనేస్తారు. మీరు బెంగళూరు నుంచి వచ్చి పక్కన ఉంటే మంచిది.

లెక్కల_మాస్టారు | గురువారం, రాత్రి 11:10

ఏ కారణం తేలినా ఒక పని చేయొచ్చు. మందు వల్ల అనుమానం ఉన్న ఏ సమస్యనైనా ఘజియాబాద్‌లోని ఫార్మకోపియా కమిషన్ నడిపే ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి రోగి గానీ ఇంటివాళ్లు గానీ నేరుగా తెలపవచ్చు. టోల్ ఫ్రీ నంబర్ 1800-180-3024. డాక్టరే పంపాలని లేదు. వాళ్లు అడిగేది మందు పేరు, మోతాదు, ఎప్పట్నుంచి, ఏమైంది. రావు గారు చెప్పిన కాగితమే దానికీ సరిపోతుంది.